ఆరు లీటర్ల మర్యాద

రోజు 371
తొట్టి: 1,043 లీటర్లు. కావలసింది: 1,100.

ఈ తేమ పుస్తకంలో అంకెలు తప్ప మరేమీ రాయకూడదని మా ప్రెసిడెంటు పేర్రాజు గారి హుకుం. ఆయన దీన్ని తెరిచి చూసిన పాపాన పోలేదు కాబట్టి పదేళ్ళుగా నాకు తోచింది రాసుకుంటున్నాను.

నా పేరు వీరవేణి. ఎర్రమెట్టలో తేమ పని నాది. తెల్లారగానే లేచి, గాజు గుమ్మటం లోపలివైపు పట్టిన చెమ్మనంతా పొడుగాటి కర్రకి కట్టిన గుడ్డతో తుడిచి, పిండి, ఊరి గుండంలో పొయ్యడం. అరవై నలుగురు మనుషులు రాత్రంతా వదిలిన ఊపిరి అది. శుభ్రమై మళ్ళీ మొక్కలకీ మనుషులకీ చేరుతుంది. గుమ్మటం బయట ఎర్ర దుమ్ము తప్ప ఏమీ లేదు. ఈ గ్రహం మీద చుక్క నీరు కావాలంటే ఎవరో ఒకరు ఊపిరి వదలాల్సిందే.

మనిషికి రోజుకి ఐదు లీటర్ల వాటా. పొద్దెక్కి సోలార్ పలకలు వేడెక్కాక పంపు తిరుగుతుంది, అందరూ బిందెలతో వరసలో నిలబడతారు. తాగడం, వండడం, ఒళ్ళు తుడుచుకోవడం అన్నీ అందులోంచే.

గుండం పక్కన తాళం వేసిన నీలం తొట్టి ఒకటుంది. అది మా లోవది. లోవరత్నం, మా అన్నయ్య కూతురు. వదిన పోయాక నా దగ్గరే పెరిగింది. పంతొమ్మిదేళ్ళు. శిఖరం పట్నంలో ఉన్న వైద్య కళాశాలలో సీటొచ్చింది. బండిలో పదకొండు రోజుల దారి. అక్కడంతా బండరాయి, నీళ్ళకి కటకట. అందుకని చదువుకోవడానికి వచ్చే పిల్ల ఐదేళ్ళూ తాగడానికీ కడగడానికీ తిప్పి తిప్పి వాడుకునేటన్ని నీళ్ళు తనే వెంట తెచ్చుకోవాలి. ఫీజంటే అదే. పదకొండు వందల లీటర్లు. ఊరి గుండంలోంచి తోడితే ఒప్పుకోరు, ఊరి ఊపిరి తగ్గిపోతుంది కదా. ఎవరి వాటాలోంచి వాళ్ళు మనస్ఫూర్తిగా ఇచ్చినవే ఉండాలి.

ఈ రోజుల లెక్క మొదలైనప్పటి నుంచీ, అంటే ఏడాదిగా, ఊరంతా ఇస్తోంది. పేర్రాజు గారు గడ్డం గీసుకోవడం మానేశారు. ఆ గడ్డంతో ఆయన ప్రెసిడెంటులా కాదు, తప్పిపోయిన మనిషిలా ఉన్నారు.

రోజు 384
తొట్టి: 1,068.

ఇవాళ మోకాలు పట్టేసింది. వైద్యపెట్టె దగ్గరకి వెళ్ళాను. ఊళ్ళో డాక్టరు లేక ఇరవై ఏళ్ళ కిందట తెచ్చి పెట్టిన యంత్రం అది. మోకాలు చూపిస్తే నాలుక చూపించమంది. చూపించాను. కాసేపు గుర్రుమని, "విశ్రాంతి తీసుకోండి. నీళ్ళు ఎక్కువగా తాగండి" అంది. ఎవరికి ఏ రోగమొచ్చినా అదే మాట. ఈ ఊళ్ళో ఆ మాట అనడానికి దానికి సిగ్గుండాలి.

మా ఆయన గణేశ్వరరావు కడుపునొప్పని వెళ్ళినప్పుడూ అదే చెప్పింది. అది పేగు వాపు. కోసి తీసేస్తే పోయేదట. శిఖరం నుంచి డాక్టరు బండెక్కి వచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది, ఆయన ఏడు రోజులే ఆగగలిగారు. అప్పుడు లోవకి తొమ్మిదేళ్ళు. ఆ పదకొండో రోజున డాక్టరు ముందు నిలబడి, "ఈ ఊరికి డాక్టరు కావాలంటే ఏం చెయ్యాలండీ?" అని అడిగింది. ఆయన నవ్వుతూ పదకొండు వందల లీటర్లు అన్నాడు. పిల్ల నవ్వలేదు.

అందుకే ఈ తొట్టి నాకు ఉత్త తొట్టి కాదు. తాళంచెవి మెళ్ళో వేసుకుని పడుకుంటాను.

ఇవాళ మా అత్తగారు సూరాయమ్మ ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి తొట్టిలో పోసింది. ఎనభై ఒక్క ఏళ్ళు ఆవిడకి. భూమ్మీద పుట్టి, గోదారి గట్టు మీద పెరిగి, ముప్పయ్యేళ్ళప్పుడు ఇక్కడికొచ్చింది.

"ఇదెక్కడిదత్తయ్యా?" అన్నాను.

"రెండో కాఫీ మానేశానే" అంది.

నేను నోరు తెరిచాను. మామగారు పోయినప్పుడు కూడా ఆవిడ రెండో కాఫీ మానలేదు.

రోజు 402
తొట్టి: 1,097.

శిఖరం నుంచి రేడియో ఉత్తరం వచ్చింది. నీటి తనిఖీ అధికారి ప్రభుదాసు గారు ఖాళీ బండితో బయలుదేరారట. పదో తారీఖుకి, అంటే మన 410వ రోజుకి వస్తారు. బ్యాటరీలు నిండడానికి మూడు రోజులు మన దగ్గరే ఉండి, తొట్టినీ పిల్లనీ ఎక్కించుకుని వెళ్తారు. 430వ రోజు దాటితే సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు.

తూకం పద్ధతి కూడా రాశారు. బండి అక్కడ బయలుదేరేటప్పుడు అధికారితో సహా తూచారట. తిరిగి వెళ్ళాక గేటు దగ్గర మళ్ళీ తూస్తారు. పెరిగిన బరువులోంచి పిల్ల బరువు యాభై ఒక్క కిలోలు, పెట్టె ఐదు కిలోలు తీసేయగా పదకొండు వందలు మిగలాలి. లోవ దరఖాస్తు పెట్టిన రోజున వైద్యపెట్టె తూచి చెప్పింది యాభై ఒకటి. ఆ యంత్రం సరిగ్గా చేసిన పని అదొక్కటే.

"పదకొండు రోజులు దారిలో ఊపిరిగా పోయే నీళ్ళ మాటేంటే?" అన్నాను లోవతో.

"బండి కూడా మన గుమ్మటం లాంటిదే అత్తా. లోపలిది లోపలే. చెమటైనా, ఇంకోటైనా, మళ్ళీ తొట్టిలోకే."

"ఇంకోటంటే?"

"డాక్టర్ని అవుతున్నాను, చెప్పమంటావా?"

అక్కర్లేదన్నాను.

రోజు 409
తొట్టి: 1,106!

పదకొండు వందల ఆరు! కావలసిన దానికన్నా ఆరు లీటర్లు ఎక్కువ. పొద్దున్నే మూడుసార్లు కొలకర్ర ముంచి చూశాను. ఏడుపొచ్చింది. ఏడ్చేదేదో తొట్టిలోకి వంగి ఏడువు, వృథా కాకుండా ఉంటుందన్నారు పేర్రాజు గారు. ఆయన కళ్ళు ముందే తడిసి ఉన్నాయి.

ఆరు లీటర్లు ఎక్కువున్నాయని కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. అత్తగారికి చెప్పాను. పేర్రాజు గారికి రెండుసార్లు చెప్పాను. వంటశాల చూసే మంగతాయారుకి చెప్పాను.

"ఇల్లు అలకగానే పండగ కాదే" అంది అత్తగారు.

ముసలావిడకి సంతోషం ఎక్కువైతే సామెతలొస్తాయిలే అనుకున్నాను.

రోజు 410
తొట్టి: 1,106.

ప్రభుదాసు గారు వచ్చారు. సన్నగా, ఎండిన మునక్కాయలా ఉన్నారు. బండి దిగగానే, "తొట్టి ఎక్కడ? కొలిచి సీలు వేస్తాను" అన్నారు.

"అయ్యో, వచ్చీ రాగానే పనేంటండీ! ముందు కాళ్ళు కడుక్కోండి, నాలుగు మెతుకులు తినండి. తొట్టి ఎక్కడికీ పోదు" అన్నారు పేర్రాజు గారు.

"వద్దండి" అన్నారాయన.

ఇక్కడొక విషయం రాయాలి. మావాళ్ళ పూర్వీకులంతా గోదారి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. పద్నాలుగు కోట్ల మైళ్ళు దాటి వచ్చినా మర్యాదలు మాత్రం దింపకుండా మోసుకొచ్చారు. మా దగ్గర అతిథి వద్దంటే మొహమాటపడుతున్నాడని అర్థం. ఇంకొంచెం గట్టిగా వద్దంటే ఇంకొంచెం గట్టిగా మొహమాటపడుతున్నాడని అర్థం. ఆయన మూడుసార్లు వద్దన్నారు. పాపం ఎంత మొహమాటస్తుడో అనుకున్నాం.

రేపటి నుంచి వివరంగా రాస్తాను. అత్తగారు పిలుస్తోంది.

రోజు 413, పొద్దున
తొట్టి: 1,093.

కొంప మునిగింది.

రెండు రోజులుగా ఈ పుస్తకం రాయలేదు. ఇంటికి చుట్టం వచ్చాక పుస్తకాలు రాస్తారా ఎవరైనా? ఇప్పుడు కూర్చుని గుర్తుచేసుకుని రాస్తున్నాను.

మొదటి రోజు అత్తగారొచ్చింది. "ఆ మనిషి గడప దాటినప్పుడల్లా కాళ్ళకి నీళ్ళివ్వాలి. నీ దగ్గర ఎక్కువున్న ఆరింటిలోంచి ఓ చెంబియ్యి" అంది. ఇచ్చాను. ఆయన రోజుకి నాలుగుసార్లు గడప దాటారు. మొత్తం రెండు లీటర్లు.

రెండో రోజు మంగతాయారు వచ్చింది. "మజ్జిగ పల్చగా ఉందని అంటారేమో వదినా, ఆరున్నాయన్నావు కదా" అంది. మజ్జిగకి, చారుకి, కాఫీకి కలిపి ఐదు లీటర్లు. ఇచ్చాను.

మూడో రోజు తప్పు పూర్తిగా నాదే. ప్రభుదాసు గారు భోజనం చేస్తూ, ఏదో మాటల్లో, "ఒంటి మీద నీళ్ళు పోసుకుని పదకొండేళ్ళయిందండి. తడిగుడ్డే మాకు" అన్నారు. మామూలుగానే అన్నారు, జాలి పడమని కాదు. నా మనసు ఆగలేదు. తాళం నేనే తీశాను. నువ్వుల నూనె రాసి, కుంకుడు రసం పోసి, పేర్రాజు గారు ఆయనకి తలంటారు. ఆరు లీటర్లు. మొదటి చెంబు నెత్తిన పడగానే ఆయన "వద్దండి" అనడం మానేశారు. ఆయన కూనిరాగం తీయడం గోడ ఇవతలకి కూడా వినిపించింది.

అవే ఆరు లీటర్లు మూడుసార్లు ఖర్చుపెట్టాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాం గానీ, కోడలి సొమ్ము అత్త దానం చేసిందని నాతోనే మొదలు.

వాడిన నీళ్ళన్నీ ఊరి గుండంలోకి పోయాయి. అందులోంచి తియ్యకూడదు, తియ్యను. పోనీ ఇవాళ్టి వాటాలోంచి తలా చెంబుడు అడుగుదామంటే తెల్లారేసరికి ఆకాశమంతా దుమ్ము లేచింది. పలకలకి ఎండ లేదు, పంపు తిరగలేదు, ఇవాళ వాటా లేదు. నిన్నటి వాటాలా? నిన్న వీడుకోలు విందని ఊరంతా ఉన్న నీళ్ళన్నీ పెట్టి వండేసింది. ఇంటింటికీ తిరిగాను. బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి, గిన్నెల్లో మాత్రం కూరలు మిగిలిపోయి ఉన్నాయి.

దుమ్ము తుఫాను మధ్యాహ్నానికి ఊరి మీదకొస్తుందట. వస్తే నలభై రోజులు కదలదు. బండి ఈలోపే బయలుదేరాలి.

లోవకి ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పాను. పిల్ల వెళ్ళి కొలకర్ర ముంచి తనే మళ్ళీ కొలిచింది. తిట్టినా బాగుండేది.

రోజు 413, బండి ఎక్కే ముందు
తొట్టి: 1,093. సీలు వేశారు.

బండి కదిలేలోపే రాస్తున్నాను, ఎందుకంటే రాయాల్సిందే.

ప్రభుదాసు గారు కొలకర్ర పైకి తీసి చూశారు. "ఏడు తక్కువ" అన్నారు. ఊరంతా తొట్టి చుట్టూ నిలబడి ఉంది.

పేర్రాజు గారు ముందుకొచ్చారు. "అయ్యా, ఇంట్లో గుమ్మడికాయ పులుసు బకెట్టుడు మిగిలింది. అందులో నీళ్ళు కాక ఏముందండీ? పోసేద్దామా?"

"తొట్టిలో నీళ్ళే ఉండాలి. పులుసు కాదు."

"నేను అడిగాను, ఆయన నన్ను చూసి మొహమాటపడుతున్నాడు" అని గొణిగారు పేర్రాజు గారు.

నేను ప్రభుదాసు గారి కాళ్ళ మీద పడబోయాను. అత్తగారు రెక్క పట్టుకుని ఆపింది. "ఉండవే" అని, ఆయన వైపు తిరిగింది. "నాయనా, నీళ్ళు తొట్టిలోనే ఉండాలని కాయితంలో ఉందా?"

ఆయన కాయితం తీశారు. మెల్లగా, వేలు పెట్టి చదివారు. "లేదమ్మా. బండి తూకం అని ఉంది. తొట్టి అని లేదు."

"మరైతే ఆ ఏడింటిలో కొన్ని నీ పొట్టలోనే ఉన్నాయి కదయ్యా. నాలుగు పూటల మజ్జిగ నువ్వు తాగిందేగా?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "బయలుదేరేటప్పుడు నా బరువు డెబ్బై నాలుగు" అన్నారు చివరికి. "తూచండి."

తూచాం. డెబ్బై ఎనిమిది! ఊరంతా చప్పట్లు. మూడు రోజుల్లో నాలుగు కిలోలు! మంగతాయారు అయితే పతకం వచ్చినట్టు తలెత్తుకుని నిలబడింది.

ఏడు పోయి మూడయింది. తర్వాత లోవ తూకం ఎక్కింది. యాభై. కాయితంలో ఉన్నది యాభై ఒకటి.

"ఏమే, ఏమైందే?" అన్నాను.

తల దించుకుంది. ఆర్నెల్లుగా తన వాటాలో సగం తొట్టిలో పోస్తోందట. నాకు తెలియకుండా, ఊరివాళ్ళ దగ్గర నేను పోగుచేసే బకెట్లో కలిపేస్తోందట. పిచ్చిమొహం! డాక్టరవ్వాలనుకునే పిల్ల చేసే పనా అది? అందరి ముందూ తిట్టాను. తిడుతూనే దగ్గరికి తీసుకున్నాను. బుజం ఎముక గుచ్చుకుంది.

మూడు మళ్ళీ నాలుగయింది. టైము గంటన్నర ఉంది.

"నీళ్ళు లేవు. కూరలున్నాయి" అంది అత్తగారు.

మా ఊరివాళ్ళకి ఇంక చెప్పాలా! రెండు నిమిషాల్లో ఇళ్ళల్లోంచి గిన్నెలొచ్చాయి. గుమ్మడికాయ పులుసు, గోంగూర పప్పు, పెరుగన్నం, నిన్నటి చారు, దోసకాయ ముక్కలు, చల్లారిన ఉప్మా. లోవనీ ప్రభుదాసు గారినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఆకులు వేశాం. మూడు రోజులుగా వద్దు వద్దన్న మనిషి చొక్కా చేతులు మడిచి, "ముందు చారు పొయ్యండి. అన్నం వల్ల లాభం తక్కువ" అన్నారు.

"ఆయ్, అదీ మాటంటే!" అన్నారు పేర్రాజు గారు.

లోవ తింటూ ఏడుస్తుంటే అత్తగారు పక్కన నిలబడి, "ఏడవకే, కన్నీరు కూడా తూకమే" అని కసిరింది. పది నిమిషాలకోసారి ఇద్దర్నీ తూకం ఎక్కించాం. మధ్యలో ఒకసారి ఆయన కళ్ళు మూసుకుని గోడకానుకుంటే పోయారేమోనని భయపడ్డాం. కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి దోసకాయ ముక్క అడిగారు. చివరికి లోవ ఒక కిలో ఎనిమిది వందలు, ఆయన రెండు కిలోల రెండు వందలు. నాలుగూ పూడింది! అన్నయ్య ఈల వేశాడు. వదిన పోయాక మళ్ళీ ఇప్పుడే వాడి ఈల వినడం.

అప్పుడు లోవ పెట్టె తూచాం. నాలుగున్నర కిలోలు. కాయితంలో ఐదు తీసేస్తారు. అంటే ఇంకో అరకిలో తక్కువ.

ఇద్దరూ ఇంక మెతుకు మింగలేరు. ఆయన మాట్లాడ్డం కూడా మానేసి వేళ్ళతో సైగ చేస్తున్నారు. పెట్టెలో ఏదైనా పెడదామంటే తిండి పెట్టకూడదు, దారిలో పురుగు పడుతుందని నిబంధన. బట్టలా? ఈ ఊళ్ళో ఎవరి దగ్గరున్నాయి రెండో జత? సామానంటే చదువుకి పనికొచ్చేదే ఉండాలన్నారు.

నా చేతిలో ఈ పుస్తకం ఉంది. గోంగూర నారతో చేసిన కాయితం, దళసరి అట్ట. తూకంలో పెట్టాను. సరిగ్గా అరకిలో.

"ఇది చదువుకి పనికొస్తుందా?" అన్నారు ప్రభుదాసు గారు, ఎలాగో నోరు తెరిచి.

"ఊళ్ళో ఎవరికి ఎప్పుడు ఏ జబ్బు చేసిందో పదేళ్ళ నుంచీ ఇందులో రాశాను. అంకెలు తప్ప రాయొద్దన్నారు గానీ" అన్నాను. "రేపు మాకు డాక్టరయ్యే పిల్లకి ఇంతకన్నా పనికొచ్చే పుస్తకం ఉందాండీ?"

పేర్రాజు గారు నన్ను ఒక చూపు చూశారు.

బండి హారన్ కొడుతోంది. లోవా, ఇందులో 118వ పేజీ చదవకు. మీ మావయ్య గురించి రాసుకున్నది. లేదు, చదువు. నువ్వు తప్పకుండా చదవాలి. తాళంచెవి ఎలాగూ ఇంక అక్కర్లేదు, అయినా మెళ్ళోనే ఉంచుకుంటాను. కడుపు నిండా తిను. నీ వాటా నువ్వు తాగు. ఎవరికీ

రోజు 424. శిఖరం, గేటు.

పెరిగిన బరువు: 1,156. మినహాయింపులు: 56. ఫీజు: 1,100. పూర్తిగా చెల్లింది. విద్యార్థిని ఎల్. లోవరత్నం తరగతిలో చేరింది.

వీరవేణి గారికి: ఈ పుస్తకం సామానుగా నమోదైనందున వెనక్కి పంపే వీలు లేదు. ఐదేళ్ళ తర్వాత డాక్టరు గారితోపాటే వస్తుంది. 118వ పేజీ ఆమె దారిలోనే చదివింది. నేను చదవలేదు.

ఇందాక ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. మా ఆవిడ రెండోసారి చారు పొయ్యబోతుంటే అలవాటుగా "వద్దు" అన్నాను. ఆమె నిజంగానే ఆపేసింది.

ప్రభుదాసు